ఓడినవాళ్ళ శనివారం

మైకు ఒక్కసారి కీచుమని ఆగింది. రాత్రి కురిసిన వానకు తడిసిన ఇసుక వాసన వరండా దాకా వస్తోంది. మా హైస్కూల్లో శనివారం ప్రార్థన అయిపోయింది గానీ పిల్లలు ఇంకా వరుసల్లోనే ఉన్నారు. పదో తరగతి దుర్గ ముందుకు వచ్చి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ మైకు దగ్గర నిలబడింది. నేను ఈ స్కూలు హెడ్మిస్ట్రెస్‌ని, మెట్ల పైన కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ పిల్ల నన్నేదో అడగబోతోంది. అది నాకు నచ్చేది కాదని దాని మొహమే చెబుతోంది. ఇన్నేళ్ళు వచ్చినా మైకు కీచుమంటే నా అరచేతులకు చెమట పడుతుంది. ఒకప్పుడు అలాంటి మైకు ముందే నేనూ వణికాను. నన్నక్కడ నిలబెట్టింది మా సోషల్ మేడమ్, రాజ్యలక్ష్మి గారు.

మేడమ్‌ది కోనసీమలో ఒక అగ్రహారం. రోజూ బస్సు దిగి, గొడుగు వేసుకుని, ఏటిగట్టు మీదుగా మా ఊరి స్కూలుకు నడిచి వచ్చేవారు. పొద్దున గంజి పెట్టి ఫెళఫెళలాడే నేత చీర, సాయంత్రానికి దాని నిండా సుద్ద. గొంతు ఎంత పెద్దదంటే, ఫ్రెంచి విప్లవం సంగతి గట్టు మీద గేదెలు కాసేవాళ్ళకి కూడా తెలుసు. ఎవరైనా ప్రశ్న అడిగితే మాత్రం వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని అప్పుడు నోరు తెరిచేవారు. ఆవిడ అటు వెళ్ళగానే మేం అదే చేసి చూపించి పడీ పడీ నవ్వుకునేవాళ్ళం.

ఏటా బడులు తెరిచిన కొత్తలో స్కూలు లీడర్ ఎన్నిక ఆవిడే జరిపించేవారు. చుట్టుపక్కల స్కూళ్ళలో క్లాసు ఫస్టు వచ్చినవాణ్ణి పిలిచి నువ్వే లీడర్‌వి అనేసేవారు. మా దగ్గర అలా కుదరదు. నామినేషన్లు, గుర్తులు, అట్టపెట్టెలో ఓట్లు, వేలి మీద నీలిసిరా, అన్నీ ఉండాల్సిందే. పదో తరగతిలో నేనూ నిలబడ్డాను. మాది మత్స్యకారుల పేట. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. అందుకని నా గుర్తు పడవ. నా మీద నిలబడ్డ సత్తిబాబుది గొడుగు. వాడు రైసుమిల్లు వాళ్ళబ్బాయి. చాక్లెట్లు పంచి గెలిచాడని మా పేటలో ఇప్పటికీ అంటారు గానీ, నిజం చెప్పాలంటే వాడు మంచివాడు, అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. నేను ముక్కు మీద కోపం ఉన్నదాన్ని. చిత్తుగా ఓడిపోయాను.

బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడుస్తుంటే మేడమ్ వచ్చారు.

“ఏంటమ్మా భవానీ, అయిందా ఏడుపు? అయితే రా, నీకు పనుంది.”

“ఓడిపోయాను కదండీ. ఇంకేం పనండి?”

“గెలిచినవాడిది చేసే పని. ఓడినవాళ్ళది అడిగే పని. ప్రతి శనివారం ప్రార్థనయ్యాక మైకు దగ్గరికొచ్చి ఒక్క ప్రశ్న అడుగు. లీడర్నైనా సరే, మమ్మల్నైనా సరే.”

అది ఆవిడ పెట్టిన ఆచారం. అంతకుముందు ఓడినవాళ్ళు మొక్కుబడిగా “సుద్దముక్కలు ఎందుకు లేవు” అని అడిగి దిగిపోయేవారు. నాకు మాత్రం కసి ఉంది. మొదటి శనివారమే మైకు పట్టుకుని, మంచినీళ్ళ ట్యాంకు ఎన్నాళ్ళుగానో కడగలేదు, లీడర్ ఏం చేస్తున్నాడని గట్టిగా అడిగేశాను. సత్తిబాబు మైకు అందుకుని, “నిన్న సాయంత్రమే కడిగించానండి, ఇంకా తడి ఆరలేదు, వెళ్ళి చూడొచ్చండి” అన్నాడు. స్కూలంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు క్లాసులో మేడమ్ నన్ను తిట్టలేదు, ఊరుకోబెట్టనూ లేదు. “కళ్ళతో చూడంది అడక్కు. చూసిందాన్ని మింగకు,” అని మాత్రం అని పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను చూడ్డం నేర్చుకున్నాను. వారమంతా స్కూలు చుట్టూ తిరిగేదాన్ని. ఆడపిల్లల బాత్రూముకు గడియ వచ్చిందంటే, అది నేను అడిగిన ప్రశ్న వల్లే.

ఆ ఏడు గోదారి పొంగి లంకల్లోవాళ్ళందర్నీ మా స్కూల్లో ఉంచారు. క్లాసు గదుల్లో పొయ్యిలు వెలిగాయి, పాఠాలు ఆగిపోయాయి. నీళ్ళు తీశాక మేష్టర్లందరికీ సిలబస్ బెంగ పట్టుకుంది. అప్పుడే నేనొకటి గమనించాను. గురువారం ఆఖరి పీరియడు ఆడపిల్లలకి ఆటలు. ఆ గంట కొట్టగానే మేడమ్ పుస్తకం పట్టుకుని క్లాసులోకి వచ్చేస్తున్నారు. మగపిల్లలు మాత్రం వాళ్ళ పీరియడులో ఎప్పటిలాగే గ్రౌండులో కూతలు పెడుతున్నారు. మండలం ఆటల పోటీలు దగ్గరపడ్డాయి, సోమవారంలోగా జట్ల పేర్లు పంపాలి. ఆడపిల్లల కబడ్డీ జట్టు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాకు కబడ్డీ అంటే ప్రాణం. పదో తరగతి అయ్యాక ఎటూ చదువు మాన్పిస్తారని ఇంట్లో అనుకుంటున్నారు. నాకు ఆడే అవకాశం ఇక అదొక్కటే.

అడగాలి. కానీ అడగాల్సింది మేడమ్‌నే. శుక్రవారం అన్నం తింటూ అమ్మతో చెప్పాను.

“సిగ్గులేదేంటే నీకు? ఆ తల్లి నిన్ను మనిషిని చేస్తే, ఆవిడ్నే పదిమందిలో నిలబెడతావా? తిన్నింటి వాసాలు లెక్కెడతావేంటే?” అంది అమ్మ. మేడమ్ నన్నిక పేరు పెట్టి పిలవరేమో అనిపించింది. ఆ భయం ముందు ఆట కూడా చిన్నదైపోయింది.

అయినా శనివారం మైకు ముందుకి వెళ్ళాను. చూసిందాన్ని మింగకు అన్నది ఆవిడే కదా. “గురువారం మా ఆటల పీరియడు ఎందుకు పోతోందండి? మా జట్టు పేర్లు ఎందుకు పంపడం లేదండి?” అన్నాను. ఆఖరి మాట నాకే వినపడలేదు.

హెడ్మాస్టారు లేచి నిలబడ్డారు. “ఎవర్ని అంటున్నావో తెలుస్తోందా? చూశారా మేడమ్, ఇదంతా మీరిచ్చిన అలుసండి. మీరు కూర్చోండి, నేను మాట్లాడతాను.”

మేడమ్ కూర్చోలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ఆ వేళ ఎవరూ నవ్వలేదు. మెట్లు దిగి, బురదలో చీర కుచ్చిళ్ళు ఈడ్చుకుంటూ నడిచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు.

“మీ పీరియడు తీసుకుంది నేనేనమ్మా. పాఠాలు వెనకబడ్డాయి. మగపిల్లలది అడిగితే గొడవవుతుంది, మీరైతే నోరెత్తరు అనుకున్నాను. అది తప్పు. గురువారం మీది మీరు ఆడుకోండి, పాఠం నేను పొద్దున్నే వచ్చి చెబుతాను.” అని హెడ్మాస్టారి వైపు తిరిగి, “ఆడపిల్లల పేర్లు కూడా పంపిద్దామండి,” అన్నారు. ఆయన తల ఊపారు.

మరుసటి వారం నుంచి ఆవిడ తెల్లారగట్ల బస్సుకే వచ్చేవారు. పోటీల్లో గెలిచామా అంటే, లేదు. మొదటి ఆటలోనే మట్టి కరిచాం. తిరుగు బస్సులో మేడమ్ సంచిలోంచి పూతరేకులు తీసి మా అందరి చేతుల్లో పెట్టారు. నా పక్కన కూర్చుని, “మీ అమ్మ తిట్టిందా?” అని అడిగారు.

“తిన్నింటి వాసాలు లెక్కపెడతావా అందండి.”

మేడమ్ పకపకా నవ్వారు. “లెక్కపెట్టకపోతే పుచ్చిన వాసం ఎప్పుడు తెలుస్తుందే? నెత్తిన పడ్డాకా?”

ఆ తర్వాత మా పేటకు వచ్చి, చేపల తట్ట పక్కన పీట మీద కూర్చుని, నన్ను ఇంటర్‌లో చేర్పించాలని అమ్మను ఒప్పించింది కూడా ఆవిడే. చాలామంది పెద్దవాళ్ళు నాకు మేలు చేశారు. కానీ నేను వేలెత్తి చూపించాక కూడా నా మీద ప్రేమ తగ్గని మనిషి ఆవిడొక్కరే. మేడమ్ ఇప్పుడు లేరు. నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాక మా స్కూల్లో మొదట మొదలుపెట్టింది ఈ శనివారాన్నే. పెట్టినంత తేలిక కాదు, పైన కుర్చీలో కూర్చుని వినడం.

దుర్గ గొంతు సవరించుకుంది. ఎన్నికలో ఓడిన పిల్ల. “లైబ్రరీ గదికి ఎప్పుడూ తాళం ఎందుకు ఉంటుందండి? కొత్త పుస్తకాలు వచ్చాయన్నారు, మేం ఒక్కటీ చూడలేదండి. కిటికీలోంచి చూశాను, కట్టలు కూడా విప్పలేదండి.”

పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు విసురుగా లేవబోయారు. “మీరుండండి మాస్టారూ,” అన్నాను. పుస్తకాలు చిరిగిపోతాయని, పోతే నేను జవాబు చెప్పుకోవాలని నా భయం. నా చెయ్యి తనంతట తానే కళ్ళజోడు మీదికి వెళ్ళింది. కొంగుతో తుడుచుకుంటుంటే నాకు అప్పుడు తెలిసింది, అది ఆవిడ అలవాటు కాదు, కోపం దిగిపోవడానికి తీసుకునే వ్యవధి.

మెట్లు దిగి, తడి ఇసుకలో నడిచి వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాను.

“తాళం వేసింది నేనేనమ్మా,” అన్నాను.