చల్లని మనసుకు ఇంగ్లీషు మాట

మొన్న పొద్దున బడికి బయల్దేరుతుంటే ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. మా ఇంగ్లీషు మేడం కూతురు. "అక్కా, అమ్మ పాయె" అంది. ఈరోజు నేను ఆదోనిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆమె చలవే. ఈ నాలుగు ముక్కలూ అందుకే.

ఎమ్మిగనూరు బడిలో మేడం మాకు వర్ణించే మాటలు నేర్పేవారు. వస్తువు ముందు, డిక్షనరీ తర్వాత. గంజి వాసన పోని కొత్త నేత చీర తెచ్చి, మా చెవుల దగ్గర మడత విప్పి, "ఈ సప్పుడు ఇన్నారా? ఇదే క్రిస్ప్" అనేవారు. ఎండిన జొన్నరొట్టెను పుటుక్కున విరిచి "బ్రిటిల్" అనేవారు. టెండర్ అంటే ఏమిటని అడిగిన రోజు, తండ్రి రోడ్డు పనికి పోయే పిల్ల ఒకతి లేచి, "కంట్రాక్టరు ఏసేది మేడం" అంది. మేడం పడీ పడీ నవ్వారు. మర్నాడు లేత బెండకాయలు తెచ్చి, తలా ఒకటి ఇచ్చి కొస తుంచమన్నారు. ఆ మాట నేను మళ్లీ మరచిపోలేదు.

దేన్నైనా గుడ్ అంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "గుడ్డా? అది కోడి పెడ్తాది. నువ్వు మాట పెట్టు" అనేవారు.

పదో తరగతిలో అమ్మ గురించి రాయమన్నారు. మా అమ్మ పత్తి తీసే కూలికి పోయేది. ఎండంతా నెత్తిన మోసుకొచ్చి కూడా మమ్మల్ని ఒక్క మాట అనేది కాదు. అందుకే నేను ఎంతో ప్రేమగా, మా అమ్మది కోల్డ్ హార్ట్ అని రాశాను. మేడం చదివి కళ్ళజోడు తీశారు.

"ఏమ్మే, మీయమ్మది రాతిగుండె అనేసినావే!"

"మాయమ్మ మనసు సల్లనిది మేడం" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తప్పు నీది కాదు పాపా, ఎండది. ఈడ ఎండకు మాడేటోళ్ళకు సల్లన అంటే దీవెన. ఆడ ఇంగ్లీషోళ్ళు సలికి వణికేటోళ్ళు, వాళ్ళకు ఎచ్చన అంటే దీవెన. మాటకు అర్థం తెలిస్తే సాలదు, అది యాడ పుట్టిందో తెలియాల."

కోల్డ్ కొట్టేసి వార్మ్ అని రాయించారు. నాకు మాత్రం అమ్మకు జ్వరం వచ్చినట్టే అనిపించింది. ఆ సంగతి చెబితే, "నాకూ మొదట్లో అట్లే ఉండె" అన్నారు.

పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. వస్తువులు చూపించి మాట్లాడించమన్నాడు డాక్టరు. ఆదివారం వస్తే నేను ఆదోనిలో బస్సెక్కేదాన్ని. నాకు ఇన్ని మాటలిచ్చిన మనిషి నోట ఒక్కటైనా తిరిగి వినాలని నా తాపత్రయం. రేగుపళ్ళు, దూది, చింతచిగురు, ఏది దొరికితే అది తీసుకెళ్ళి ఆమె ఎడమ చేతిలో పెట్టేదాన్ని. ఆమె తడిమి తడిమి చూసి, చివరకు "కాదు" అనేవారు. అదొక్కటే మిగిలింది అనుకున్నాను. పెరట్లోకి పోయి ఏడ్చి వచ్చేదాన్ని.

పోయిన ఆదివారం నేను ఏమీ తీసుకెళ్ళలేదు. ఆమె కూతురు నన్ను మంచం దగ్గరికి లాగి, "అమ్మా, ఈ అక్క ఎట్లాంటిదో ఒక్క మాట సెప్పు సూద్దాం" అంది.

మేడం ఎడమ చెయ్యి ఎత్తి నా చెంప మీద పెట్టారు. చాలాసేపు చూశారు. పెదవులు కదిలాయి.

"కాదు" అన్నారు.

మళ్ళీ చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి. లోపల ఇంకో మాట తీసినట్టున్నారు.

"కాదు."

అప్పుడు అర్థమైంది నాకు. మాటలు పోలేదు. ఆమెకు నచ్చడం లేదు, అంతే. నా చెంప మీద చెయ్యి అట్లాగే ఉంచి, ఒక్కో మాటనూ నోటిదాకా తెచ్చుకుని, తల అడ్డంగా ఊపి, ఇంకా వెతుకుతూనే ఉన్నారు.