కాజాలక్క పక్క సీటు

కాజాలక్క కోపం అందరికంటే ముందు దారానికి తెలుస్తుంది. మామూలు రోజున దారాన్ని పంటితో తుంచుతుంది, కోపం వచ్చిన రోజున కొరికి ఊస్తుంది. ఆ రోజు ఎదురుగా కూర్చున్నవాళ్ళు తలెత్తరు. నోరు నిప్పు, మనసు వెన్న అంటారే, ఆ బాపతు కాదు, మనసూ నిప్పే. కాకపోతే ఆ నిప్పు దగ్గర చలి కాచుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

బట్టల కొట్టు మీద మేడగదిలో స్కూలు చొక్కాలు కుట్టే చిన్న కార్ఖానా ఉంది. ఒకామె కాలర్లు కుడుతుంది, ఒకామె చేతులు అతుకుతుంది, కొత్తగా పెళ్ళయిన పిల్ల జేబులు వేస్తుంది. చివరికి చొక్కా కిటికీ పక్కనున్న కాజాలక్క ఒళ్ళోకి వస్తుంది. గుండీ దూరే కన్నం కోసి, దాని చుట్టూ చేత్తో దారం అల్లడం ఆవిడ పని. అక్కడ ఎవరి పనే వాళ్ళ పేరు: కాలరమ్మ, చేతులక్క, జేబు పిల్ల, కాజాలక్క. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఏ పోస్టో వచ్చిందనుకుని ఉలిక్కిపడతారు.

ఇంటి సంగతి కూడా అడగాలి కదా. కాజాలక్క మొగుడు గోడౌనుకి రాత్రి కాపలా. ఆవిడ లేచే వేళకి ఆయన పడుకుంటాడు. పోట్లాడదామన్నా మనిషి దొరకడు. అందుకని ఆవిడ మంచీ చెడ్డా, సగం మాటలూ, ముప్పాతిక కోపమూ కాలరమ్మతోనే. ఇద్దరూ ఒకే రోజున పనిలో చేరారు. చుట్టరికం ఏమీ లేదు గాని "వదినా" అంటే "వదినా" అనుకుంటారు. పని గది కిటికీలోంచి చూస్తే ఊరి చివర ఆటల పార్కులో రోలర్ కోస్టర్ వంపు కనిపిస్తుంది. "ఎప్పటికైనా అందులో నువ్వూ నేనూ పక్కపక్కన" అనుకున్న మాట ఎంత పాతదంటే, అప్పుడు కుట్టిన చొక్కాలు తొడుక్కున్న పిల్లలకి ఇప్పుడు పిల్లలు.

ఆ శనివారం కాలరమ్మ తల వంచుకుని, మిషన్ తొక్కుతూనే అంది. "వదినా, రేపు పార్కుకి పోదాం. నలుగురమూ. నీ టికెట్టు కూడా తీసేశాం."

కాజాలక్క సూది ఆగిపోయింది. విరిగిన సూది కూడా డబ్బాలో దాచుకునే మనిషి తనకి టికెట్టు తీసిందా!

"ఏమే, లాటరీ తగిలిందా?"

"వస్తావా రావా?"

"రాకేం? నా పక్కన కూర్చుంటానన్న మాట గుర్తుందిగా?"

కాలరమ్మ మిషన్ మీదికి ఇంకా వంగిపోయింది. దారం తెగింది కాబోలు అని కాజాలక్క అనుకుంది. ఆ రాత్రి పెట్టె అడుగున దాచుకున్న నీలం చీర తీసి మడత విప్పి, కుచ్చిళ్ళకి పిన్నీసులు పెట్టుకుంటే గాలికి నిలుస్తాయా అని అద్దం ముందు ఎగిరెగిరి చూసుకుంది.

తెల్లారి పార్కులో మొదటిది చిన్న బండి. పెట్టెకి రెండు సీట్లు. నలుగురు మనుషులు, రెండు పెట్టెలు; లెక్క సరిపోయింది. చేతులక్కా కాలరమ్మా ముందు పెట్టెలో దూరారు. జేబు పిల్ల కాజాలక్క పక్కన కూర్చుని, అడ్డకమ్మి దించబోయేసరికి లేచి నిలబడింది.

"పిన్నీ, నాకు కడుపులో తిప్పేస్తోంది."

"బండి తిరక్కుండానే నీ కడుపు తిరిగిందా?"

పిల్ల దిగిపోయింది. కాజాలక్క ఖాళీ సీటును పట్టుకుని ఒక్కతే తిరిగొచ్చింది.

రెండో బండి దగ్గర పిల్ల కడుపు కుదుటపడింది గాని చేతులక్క చెప్పు తెగింది. చెప్పు చేత్తో పట్టుకుని ఆవిడ గట్టు మీద చతికిలబడితే, మిగతా ఇద్దరూ చటుక్కున జంట కట్టేశారు. కాజాలక్క పక్కన ముక్కూ మొహం తెలియని పెద్దాయన కూర్చున్నాడు.

"ఒక్కరే వచ్చారా అమ్మా?" అన్నాడు మర్యాదగా.

"లేదండీ. ముగ్గురు శత్రువులతో వచ్చాను."

ఆయన మళ్ళీ నోరు తెరవలేదు. బండి తలకిందులైనప్పుడు కూడా.

మూడో బండికి కాలరమ్మకి ఎక్కడినించో ఫోనొచ్చింది. ఆ ఫోను మోగలేదు, కనీసం వణకలేదు. అయినా చెవికి పెట్టుకుని "ఆ, ఆ, చెప్పు" అంటూ ఐసు బండి వెనక్కి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ మళ్ళీ జంటే.

కాజాలక్క అప్పటికి తన భుజం తనే ఒకసారి వాసన చూసుకుంది. సబ్బు వాసనే. ఎవరినైనా ఏమైనా అన్నానా అని వెతుక్కుంది. చేతులక్కతో పోయిన నెల బల్ల మీది దీపం కోసం గొడవపడిన మాట నిజమే, కాని దీపం చివరికి ఆవిడకే వదిలేసింది. జేబు పిల్లని "జేబు వంకరే, బుద్ధీ వంకరే" అంది, అది రోజూ అనేదే. కాలరమ్మనైతే అనని మాటంటూ లేదు, ఆవిడా పడని మాటంటూ లేదు. మరి ఇవాళ ఈ అంటరానితనం ఏమిటి? పెళ్ళికి పిలిచి పీట వెయ్యనట్టు! ఊరికే వచ్చిన టికెట్టు కదా అని ఊరుకునే రకం కాదావిడ.

అప్పుడు పెద్దది వచ్చింది. కిటికీలోంచి ఇన్నేళ్ళూ చూసిన వంపు. కింద నిలబడి చూస్తే మెడ విరిగేలా ఉంది. పైనించి పడేవాళ్ళ కేకలు ముందు, మనుషులు తర్వాత వస్తున్నారు.

"నాకు బీపీ వదినా" అంది కాలరమ్మ.

"నిన్నటిదాకా లేదుగా!"

"ఇవాళే వచ్చింది."

కాజాలక్క ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు కోటు గుడ్డలో సూది దించిన వేళ్ళు. పట్టుకుంటే వదిలేవి కావు. "నా పక్కన కూర్చుంటావా, లేకపోతే ఆ పైకి తీసుకెళ్ళి నేనే తోసెయ్యనా?" అని లాక్కుపోయి ముందు సీట్లో కుదేసింది. భుజాల మీదుగా బరువైన కమ్మీలు దిగి టక్కుమన్నాయి. ఇంక కడుపునొప్పి లేదు, చెప్పు లేదు, ఫోను లేదు.

బండి టకటకమంటూ ఎక్కడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పు. నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు."

"మరి నా పక్కన కూర్చుంటే ఏం పోతుంది?"

కాలరమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు కమ్మీకి అతుక్కుపోయాయి.

"భయమా?"

"భయమే. దీని భయం కాదు." కింద చెట్లు కొత్తిమీర కట్టలంత అయిపోయాయి. "వదినా, ఓనరు కాజాల మిషన్ కొన్నాడు. కరెంటుది. నిన్ను... నిన్ను ఈ నెలాఖరు దాకానే ఉంచుతాడట."

బండి కొసకి చేరి ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కిందికి దూకింది.

వెనకాల జనమంతా "అమ్మో" అన్నారు, "ఓరి నాయనో" అన్నారు. కాజాలక్క గొంతు వాటన్నిటినీ మించి లేచింది.

"ఎప్పట్నించి తెలుసే నీకు?"

బండి ఎడమకి పడింది. "పో...యిన... వా...రం!"

బండి తలకిందులైంది. "వారమంతా నా ఎదురుగా కూర్చుని నా సీసాలో నీళ్ళు తాగావే!"

"చెప్పలేక... వది...నా!"

"కళ్ళు తెరిచి చెప్పు!"

"చచ్చినా తెర...వను!"

బండి దిగేసరికి నీలం చీర కుచ్చిళ్ళు చక్కగా నిలిచాయి గాని మనిషి నిలవలేదు. పక్కనున్న కమ్మీ పట్టుకుంది. గట్టు మీద మిగతా ఇద్దరూ ఆవిడ మొహం చూసి, సంగతి బయటపడిందని గ్రహించి, ఇద్దరిలో ఎవరు ముందు పారిపోవాలా అన్నట్టు చూసుకున్నారు.

"ఆగండి. మీకూ తెలుసా?"

"తెలుసక్కా" అంది చేతులక్క నేల చూస్తూ.

"నీకూనా?"

జేబు పిల్ల ఏడుపు లంకించుకుంది. "నీ పక్కన కూర్చుంటే నా నోరు ఆగదు పిన్నీ. నీతో నేనేం దాచగలను? అందుకే ముగ్గురమూ వంతులేసుకుని తప్పించుకున్నాం."

"అంటే పొద్దున్నించీ నాకు ఒకళ్ళని మిగల్చకుండా చూశారన్నమాట! చెప్పేద్దామని రప్పించి, చెప్పలేక తిప్పారు. ఎంత తెలివే మీ ముగ్గురికీ! ఇంతకీ నాకు టికెట్టు కొన్నది ఎవరు?"

ముగ్గురూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు దూరారు. ఐసు బండివాడు కూడా గంట ఆపి వింటున్నాడు.

"ఓనరు" అంది కాలరమ్మ చివరికి. "నలుగురివీ ఆయనే కొన్నాడు. సరదాగా ఉన్నప్పుడు మెల్లిగా మీరే చెవిన వెయ్యండి, ఆవిడ కోపిష్టిది, నేను చెప్పలేను అన్నాడు."

తనకి అప్పటిదాకా వచ్చింది కోపమే కాదని కాజాలక్కకి అప్పుడు తెలిసింది. అసలుది ఇప్పుడు వచ్చింది. కోసేముందు కోడికి గింజలు చల్లినట్టు తనకి రోలర్ కోస్టర్ చల్లాడు! పైగా కత్తి తన చేత్తో పట్టుకోకుండా ఈ ముగ్గురి చేతా పట్టించాడు.

ఫోను తీసి, అక్కడే, అందరి మధ్యా నొక్కింది.

"సార్, నేను. కాజాలు."

"ఆఁ, ఏమ్మా! బావుందా పార్కు? అదేమిటి ఆ కేకలు?"

"జనం పడిపోతున్నారు సార్. పడ్డవాళ్ళు మళ్ళీ లేస్తార్లెండి, మీరు కంగారుపడకండి. నాకేదో చెప్పాలనుకున్నారట."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "కాలరు చెప్పలేదా?"

"కాలరు కాలర్లు కుడుతుంది. మనుషుల్ని మానిపించే పని మీది. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, మీ పని మీరు చెయ్యండి."

"ఆదివారం పూట ఎందుకమ్మా ఈ మాటలన్నీ. రేపు తీరిగ్గా..."

"ఆదివారం పూట చెప్పమని పంపించింది మీరేగా! ఆ రోజున మా గుమ్మంలో నిలబడి, 'నీ చేతి కాజా చూశాను, మా దగ్గరికి రా తల్లీ' అని ఏ నోటితో అడిగారో ఆ నోటితోనే చెప్పండి. వింటాను. ఏడవను, శాపనార్థాలు పెట్టను. మీ నోటితో వింటే చాలు."

పైన బండి ఒకటి వెళ్ళిపోయింది. కేకలు తగ్గేదాకా ఇద్దరూ ఆగాల్సి వచ్చింది.

"నెలాఖరు దాకా చెయ్యమ్మా" అన్నాడాయన. "తర్వాత... అవసరం లేదు."

చెప్పమని పట్టుబట్టింది తనే. తీరా చెప్పాక ఆ మాట ఎంతో తేలిగ్గా జారింది. ఇంత తేలికైన మాటకా ఇంతమందిని పంపించాడు?

"విన్నాను సార్. రేపు వస్తాను. నెలాఖరు దాకా రోజూ వస్తాను. మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకోకండి. తిప్పుకున్నారో, అందరి ముందూ పిలిచి మళ్ళీ చెప్పిస్తాను" అని ఫోను పెట్టేసింది.

"ఇంటికి పోదామా అక్కా?" అంది చేతులక్క భయంభయంగా.

"ఎందుకు పోతాం? డబ్బు వాడిది. గేట్లు మూసేదాకా ఒక్క బండి వదలను. పదండి."

పాపం, ఆ సాయంత్రం వాళ్ళు పడ్డ పాట్లు పగవాడికి వద్దు. ఒక్కొక్క బండికి ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎక్కేటప్పుడు తిట్లు మొదలు, దిగేటప్పుడు ముగింపు. చేతులక్కకి తెగిన చెప్పు గురించి ఒక బండి నిండా పడ్డాయి. జేబు పిల్లకి నిజంగానే కడుపు తిప్పింది. కాజాలక్క దాని వీపు నిమురుతూ, నీళ్ళు తాగిస్తూ, నిమిరినంతసేపూ తిట్టింది. చీకటి పడేసరికి గొంతు బొంగురుపోయింది గాని కోపం మాత్రం పొద్దుటికంటే తాజాగా ఉంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో తన సంచీ పెట్టుకుంది. కాలరమ్మ వచ్చి ఆ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"లే."

"లేవను."

"సిగ్గు లేదా?"

"లేదు. వారం నించి నిద్ర కూడా లేదు. రాత్రిళ్ళు లేచి కూర్చుంటే మా ఆయన దెయ్యం పట్టిందన్నాడు. కుట్టిన కాలర్లు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పుకుంటున్నాను. నీకు చెప్తే నువ్వు నాతో మాట్లాడవని..."

"చెప్పకపోతే మాట్లాడతానా?"

"మాట్లాడకు. తిట్టు. కూర్చుంటాను."

కాజాలక్క కిటికీ వైపు నించి ఇటు తిరిగింది. మొదలుపెట్టింది. నీళ్ళ సీసా దగ్గర మొదలై, దొంగ ఫోను మీదుగా, ఇద్దరూ పనిలో చేరిన మొదటి రోజున కాలరమ్మ తన కత్తెర చెప్పకుండా తీసుకున్న సంగతి దాకా వెళ్ళింది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, రెండోసారి ఆవిడ చూపు తగిలాక మానేశాడు. కాలరమ్మ అడ్డం రాలేదు. ఒక్క కత్తెర దగ్గర మాత్రం "అది నాదే వదినా" అంది. దానికి వేరే పడ్డాయి.

వీధి మొదట్లో బస్సు ఆగింది. ఇద్దరూ దిగారు. కాజాలక్క సంచీ లాక్కుని తన సందులోకి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"అయిపోయిందనుకుంటున్నావేమో, ఇంకా సగం కూడా తిట్టలేదు. పొద్దున్నే వచ్చి మా గుమ్మం దగ్గర నిలబడు. కలిసే వెళ్దాం పనికి."