నూలు మేస్త్రి కొన్న బ్యాటరీ రంపం

మా మరిది గొంతు పెంచి మాట్లాడటం నేను ఒక్కసారే విన్నాను. అది పనిముట్ల దుకాణంలో, పదిమంది చూస్తుండగా, ఆ దుకాణం యజమానితో. ఆ గొడవలో గెలిచింది మా మరిదే. గెలిచాక అతని మొహం చూస్తే మాత్రం ఓడిపోయినవాడే నయమనిపించింది.

అతను వడ్రంగి. అంగుళంలో ఎనిమిదో వంతును వాళ్ళు నూలు అంటారు. తలుపు బిగించాక ఒక్క నూలు తేడా కనబడినా ఊడదీసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి గనక నూలు మేస్త్రి అని పేరు పడింది. మా ఆయనకు సొంత తమ్ముడు. మా ఆయన పోయాక కూడా నేను వాళ్ళ పక్క వాటాలోనే ఉన్నాను. ఆ రోజు బ్యాటరీతో నడిచే రంపం కొనాలి, తోడు రమ్మన్నాడు.

"బేరమాడటానికా?" అన్నాను.

"కాదు వదినా. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేస్తానేమోనని. తిరగనివ్వకు."

యజమాని అన్నిటికంటే పెద్ద రంపం తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడుంపావు అంగుళాల బ్లేడు మేస్త్రీ. ఎంత లావు చెక్కనైనా దోసకాయ కోసినట్టు కోసేస్తుంది."

"నేను కోసేది రెండంగుళాల చెక్క సార్. దానికి ఆరున్నర బ్లేడు చాలు. ముందు బ్యాటరీ పెట్టివ్వండి. బ్యాటరీ లేకుండా అన్నీ తేలిగ్గానే ఉంటాయి."

చేతిలోకి తీసుకుని, చెయ్యి చాపి, అలాగే నిలబడ్డాడు. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను. భుజం వణికింది. కింద పెట్టేశాడు. ఆరున్నరవి రెండు తెప్పించాడు. బ్లేడు కుడిపక్కన ఉన్నదాన్ని పక్కకు నెట్టాడు. కుడిచేత్తో పట్టుకున్నవాడికి గీసిన గీత కనబడాలంటే బ్లేడు ఎడమపక్కనుండాలట. యజమానికి విసుగొచ్చింది.

"ఇంతకీ రంపం కొంటున్నావా, అల్లుణ్ణి వెతుకుతున్నావా?"

దుకాణమంతా నవ్వింది. నాకు నాలుక దురద పెట్టింది గానీ మా మరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"అల్లుడు మంచివాడు కాకపోతే పిల్లని వెనక్కి తెచ్చుకోవచ్చు సార్. కాలు పోతే తెచ్చుకోలేం. స్విచ్చి నొక్కి వదలండి, బ్లేడు ఎంతసేపటికి ఆగుతుందో చూస్తాను."

యజమాని మొహం ముడుచుకుని నొక్కి వదిలాడు. మా మరిది పైకే లెక్కపెట్టాడు. ఏడు అన్నాక గానీ ఆగలేదు. తర్వాత బ్లేడు కింద పళ్ళను కప్పే గార్డును వేలితో ఎత్తి వదిలాడు. అది ఒళ్ళు బరువైన మనిషిలా నిదానంగా దిగింది.

"దీని స్ప్రింగు బాగాలేదు."

"నువ్వు వడ్రంగివేనా అసలు? గార్డు అడ్డమొస్తే తీగతో పైకి కట్టేసుకో. ఎవడు కట్టడు? అందరూ చేసే పనేగా!"

అప్పుడు లేచింది అతని గొంతు.

"నేనూ కట్టాను సార్! ముప్పై ఏళ్ళు కట్టాను. కట్టిన రంపాన్ని బ్లేడు తిరుగుతుండగానే నేల మీద పెట్టాను. అది నేల మీద పరుగెత్తుకుంటూ పోయి నా భార్య కాలు తీసేసింది. ఇంకెవరికైనా ఈ సలహా ఇచ్చారో, మీ దుకాణం ముందే కూర్చుంటాను. వచ్చిన ప్రతివాడికీ ఆ కాలు సంగతి చెప్తాను."

యజమాని ఆ రంపాన్ని పక్కకు తీసేశాడు. కొనడానికొచ్చిన ఇద్దరు వడ్రంగులు తలలు దించుకున్నారు. వాళ్ళ రంపాలకు కూడా తీగ ఉండే ఉంటుంది. చివరికి లోపల్నుంచి ఇంకోటి వచ్చింది. ఆరున్నర బ్లేడు, ఎడమపక్కన. స్విచ్చి వదిలితే 'రెండు' అనేలోపు ఆగిపోయింది. గార్డు ఎత్తి వదిలితే టక్కుమని మూసుకుంది. రెండు బ్యాటరీలు, ఒక చార్జరు. ఇంటిదాకా ఆ పెట్టెను అతను నా చేతికివ్వలేదు.

దుకాణంలో అతను చెప్పింది విని నేను అదిరిపడ్డాను. ఎందుకంటే రెండేళ్ళుగా మా ఇంట్లో చెప్పుకునే కథ వేరు. మా తోడికోడలు డాక్టరుకి చెప్పింది, పుట్టింటివాళ్ళకి చెప్పింది, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది: "నేనే కాలు జారి రంపం మీద పడ్డాను." ఆమె చెక్క రెండో చివర పట్టుకుని నిలబడింది. జారనూ లేదు, పడనూ లేదు. ఆ రోజు కేక విని ముందు పరుగెత్తింది నేను. గార్డుకు చుట్టిన తీగ ఈ కళ్ళతో చూశాను. ఆమె చెప్పే అబద్ధాన్ని అతను గోడకానుకుని వింటుంటే ఒళ్ళు మండిపోయేది. అయినా పెదవి విప్పలేదు. మొగుణ్ణి కాపాడుకుంటున్న మనిషిని నలుగురిలో అబద్ధాలకోరుని చెయ్యడానికి నాకు కూడా నోరు రాలేదు.

వాళ్ళు ఉండేది మేడ మీద. కింద అతని పనిచోటు. మధ్యలో పద్దెనిమిది మెట్లు. మోకాలి కింద కాలు తీసేశాక ఆమెను రెండుసార్లు ఆసుపత్రికి దింపారు, కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ. రెండోసారి మలుపులో ఒకడి పట్టు జారింది. ఆమె గోడకు గుద్దుకుంది. "ఇంక దిగను" అంది. దిగలేదు. ఏడాదిన్నరగా ఆమె చూసే లోకం ఒక కిటికీ, ఎదురింటి నీళ్ళ ట్యాంకు. తిండి తగ్గింది. వీపు మీద పుండు పడింది. గాలీ వెలుతురూ తగిలేచోట కూర్చోబెట్టకపోతే మనిషి దక్కదని నర్సు నాతో చెప్పింది. అతనితోనూ చెప్పింది.

అందుకే పనిచోటును గదిగా మార్చడం మొదలుపెట్టాడు. చక్రాల కుర్చీ పట్టే గుమ్మం, వీధిలోకి ఏటవాలు దారి, మధ్యలో చెక్క గోడలు. మొదట చేతిరంపంతోనే కోశాడు. మిషను రంపం చూస్తే చెమటలు పట్టేవి. ఎనిమిది నెలల్లో ఒక్క గోడ చట్రం లేచింది, భుజం పడిపోయింది. పైనుంచి ఆమె వింటూనే ఉండేది.

"ఏమయ్యా, చెక్క కోస్తున్నావా, బుజ్జగిస్తున్నావా? నేను కిందికొచ్చేది ఆ గదిలోకా, నలుగురి భుజాల మీదా?"

కింద చేతిరంపం అలాగే మెల్లగా కదిలేది.

"మిషను తెచ్చుకో! భయమెందుకు, ఇంకో కాలుందిగా నాకు!"

ఆ మాటకు నేను నవ్వాను. తర్వాత లోపలికెళ్ళి ఏడ్చాను.

కొత్త రంపం వచ్చాక మూడు రోజులు పని ఉరకలెత్తింది. రెండో గోడ లేచింది. గుమ్మం చట్రం నిలబడింది. అతను కోత కోతకీ గార్డు చూసుకునేవాడు, బ్లేడు ఆగేదాకా చేతిలోంచి దించేవాడు కాదు. పైన ఆమె ఆ మూడు రోజులూ రెండు పూటలా అడిగి పెట్టించుకుని తింది.

నాలుగో రోజు మంచినీళ్ళు తీసుకుని వెళ్ళాను. గుమ్మానికి సన్నటి పట్టీలు కోస్తున్నాడు. సన్నటి ముక్క కోసేటప్పుడు గార్డు అంచుకు తట్టుకుని కోతను ఆపేస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. రంపం బల్ల మీద ఉంది. దాని పళ్ళు నాకు కనబడుతున్నాయి. కనబడకూడదు.

"అబ్బాయ్, ఆ గార్డులో చెక్కముక్క ఎవరు దూర్చారు?"

అతను చూశాడు. "నేను కాదు" అన్నాడు.

ఆ గదిలో ఇంకెవరున్నారు? అతనూ చుట్టూ చూశాడు, నిజంగానే ఎవరో ఉన్నారన్నట్టు. తర్వాత ఆ ముక్కను లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. ఉలితో చెక్కిన ముక్క అది. సందుకు సరిగ్గా సరిపోయేలా, ఒక్క నూలు కూడా తేడా లేకుండా. ఎప్పుడు చెక్కాడో అతనికే తెలియదు.

"సిగ్గుందా నీకు?" అన్నాను. "పైన ఆ మనిషి ఒంటికాలితో కూర్చుని నీ కోసం రెండేళ్ళుగా అబద్ధమాడుతుంటే, నువ్వు..."

"అక్కా!" పైనుంచి కేక. "రంపం ఆగిందేం? బ్యాటరీ అయిపోయిందా?"

"ఆఁ, అయిపోయిందమ్మా!" అన్నాను. ఆ అబద్ధం నా నోటివెంటే వచ్చింది.

అతను కుడిచేతిని పాముని చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత రంపంలోంచి బ్యాటరీ ఊడదీశాడు. చార్జరులోంచి రెండోది తీశాడు. రెండూ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. వేడిగా ఉన్నాయి.

"పని మానేస్తావా?" అన్నాను.

"మానేస్తే అది పైనే పోతుంది వదినా."

"మరి నాకెందుకివి?"

"నీకు జాలి లేదు గనక. ఇవి నీ దగ్గరే ఉంచు, చార్జరు కూడా నీ వాటాలోనే పెట్టుకో. రేపట్నుంచి నేను పని చేసినంతసేపూ ఈ గుమ్మం దగ్గర కూర్చో. ఒక్కో చెక్కకీ నీ దగ్గరికి వచ్చి అడుగుతాను. గార్డు నీ వేలితో ఎత్తి వదులు. టక్కుమని పడితేనే బ్యాటరీ ఇవ్వు. కోత అయ్యాక మళ్ళీ నీ ఒళ్ళోనే పెడతాను. గార్డు పడకపోతే ఆ రోజుకి పట్టుకుని వెళ్ళిపో. నేను బతిమాలినా, నీ మీద అరిచినా ఇవ్వకు. పైనుంచి అది 'ఇచ్చెయ్యి అక్కా' అన్నా సరే, ఇవ్వకు."