ఒక్క అంకెను నమ్మని బాబాయి

మా ఆసుపత్రి ల్యాబులో పనిచేసే బాబాయికి ఉన్న జబ్బు ఒకటే. ఏ అంకెనూ మొదటిసారి చూసి నమ్మేవారు కాదు. మనిషి చెప్పినా, గడియారం చెప్పినా, గదిలో సగం ఆక్రమించిన యంత్రం చెప్పినా ఆయన మాట మారదు: "ఇంకోసారి చూద్దాం." అందుకని ఆసుపత్రిలో అందరికీ ఆయన ఇంకోసారి బాబాయి అయిపోయారు. నేను అక్కడ డాక్టరుగా చేరిన వారానికే ఆయన మీద పళ్ళు నూరడం మొదలుపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆయన రెండు చేతులకీ రెండు వాచీలు. రెండూ వేర్వేరు టైములు చూపిస్తే కంగారు, ఒకే టైము చూపిస్తే అనుమానం. "కూడబలుక్కున్నాయేమో!" అంటూ గోడ గడియారం వైపు చూసేవారు. ఒకసారి మనవడికి జ్వరం వస్తే రెండు థర్మామీటర్లు పెట్టారట. రెండింటికీ అర డిగ్రీ తేడా. ఏది నిజమో తేల్చే లోపల జ్వరం తగ్గి, పిల్లాడు ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆయన భార్య పిన్నిగారిని ఈ సంగతి అడిగితే నవ్వేవారు. "మిమ్మల్ని చేసుకోవడం నాకిష్టమే అని నోరు తెరిచి చెప్పానమ్మా. ఏమన్నారో తెలుసా? ఇంకోసారి చెప్పు అన్నారు!"

"మళ్ళీ చెప్పారా పిన్నిగారూ?"

"చెప్పక చస్తానా? ఈసారి మా అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని విన్నారు."

ల్యాబులో రక్తంలోని ఉప్పు, అంటే సోడియం, కొలిచే యంత్రాలు రెండు ఉండేవి. రెండింటిలోనూ పనిచేసేది ఉప్పుని పసిగట్టే కడ్డీ, ఎలక్ట్రోడే. మంచమంత ఉండే పెద్దది, నమూనాలో ముందు నీళ్ళలాంటి ద్రవం కలిపి, ఆ తర్వాత కొలుస్తుంది. రేడియో పెట్టెంత ఉండే చిన్నది ఏమీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు కొలుస్తుంది. ఏ అంకె కాస్త తేడాగా కనిపించినా బాబాయి రెండో యంత్రాన్ని అడగాల్సిందే. ఇద్దరి సమాధానాలూ రిజిస్టర్లో పక్కపక్కన రాయాల్సిందే. అలాంటి రిజిస్టర్లు బీరువా నిండా ఉండేవి.

"రెండూ ఒకటే చెబుతున్నాయి కదా బాబాయిగారూ, ఇంకా ఎందుకు?" అన్నాను ఒకరోజు.

"చెబుతున్నాయమ్మా. చెప్పని రోజు ఏదో తెలియాలంటే రోజూ అడగాలి కదా!"

ఆ రోజు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరుని కడుపునొప్పితో తీసుకొచ్చారు. మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం పంపి, కాసేపటికి ల్యాబుకి ఫోన్ చేశాను.

"ఒక్క ఐదు నిమిషాలు డాక్టరమ్మా. చిన్నదాంట్లో కూడా..."

"మీ చిన్నదీ వద్దు, పెద్దదీ వద్దు! చేతిలో ఉన్న అంకె చెప్పండి!"

"నూట పంతొమ్మిది. కానీ అమ్మా..."

ఆ "కానీ" వినకుండానే ఫోన్ పెట్టేశాను. నూట నలభై దగ్గర ఉండాల్సింది నూట పంతొమ్మిదా! డ్రైవరు మగతగా ఉన్నది నొప్పి ఇంజెక్షన్ వల్లేనని తోచలేదు, ఉప్పు పడిపోయిందనే అనుకున్నాను. గాఢమైన ఉప్పు సెలైన్ రాశాను. నర్సు సీసా తగిలించింది. గొట్టం మీది చక్రం తిప్పబోతోంది.

"ఆపండమ్మా!"

బాబాయి. నాలుగు అంతస్తులు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చారు. ఒక కాలికే చెప్పు ఉంది. చేతిలో చిన్న గాజు గొట్టం. అందులో పైన తేరిన ద్రవం లేత పసుపు రంగులో ఉండాలి. అచ్చం పాలలా ఉంది.

"కొవ్వమ్మా, అంతా కొవ్వు! చిన్నది నూట ముప్పై ఏడంటోంది. రెండుసార్లు అడిగాను."

"మరి పెద్దది?"

"దాని తప్పు లేదు. ఉప్పుండేది నీటిలో. కొవ్వు చోటు ఆక్రమిస్తే, కొలిచి తీసుకున్న చుక్కలో నీరు తగ్గిపోతుంది. బస్సు నిండా మూటలు ఎక్కించి, జనం తక్కువెక్కారు కాబట్టి ఊళ్ళో మనుషులే లేరని లెక్క రాసినట్టు!"

సరిపడా ఉప్పున్న మనిషికి ఆ సీసా ఎక్కిస్తే మెదడుకే ముప్పు. నా చేతులతోనే దాన్ని దించేశాను. ఆ కొవ్వే అతని క్లోమాన్ని వాచేలా చేసిందని తేలింది. తగిన వైద్యం చేశాం. పది రోజులకి భార్యతో కలిసి నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు.

డ్రైవరుని తీసుకొచ్చిన మర్నాడే పెద్ద డాక్టరుగారు అందరినీ పిలిచి, రెండో పరీక్ష ఎందుకు ఆలస్యమైందని గట్టిగా అడిగారు. నేను నోరు తెరిచే లోపల బాబాయి లేచారు. "నా చాదస్తం తెలిసిందే కదా సార్. నేనే ఆలస్యం చేశాను. మేడమ్‌గారు వెంటనే ఆపించారు." అందరూ నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నేరుగా ల్యాబుకెళ్ళి రిజిస్టరు తెరిచాను. అంకెల పక్కన "మళ్ళీ చేయడానికి కారణం" అని ఒక గడి. పేజీలు తిప్పినకొద్దీ అందులో ఒకటే మాట: "నా చాదస్తం." ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. నేను చేరిన మొదటి నెల అది. ఆ రోజు ఆయన ఫోన్ చేసి, "మా యంత్రానికి పిచ్చెక్కిందమ్మా, ఇంకోసారి రక్తం పంపండి, ఈసారి రెండో చేతి నుంచి" అన్నారు. యంత్రాన్ని తిట్టుకుంటూ పంపాను. మొదటిసారి సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే, ఆ ఉప్పునీళ్ళు కలిసిన రక్తం తీశానని నాకు ఇప్పుడు వెలిగింది. ఆ గళ్ళలో ఎందరి పొరపాట్లున్నాయో! అన్నింటినీ ఈ మహానుభావుడు తన పేరున రాసుకున్నాడు.

నిన్నటి వరుసలో "నా చాదస్తం" కొట్టేసి, "డాక్టరు తొందరపాటు" అని రాశాను. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, పుస్తకం దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. ఆ తర్వాత తృప్తిగా నవ్వారు.

"ఫర్వాలేదమ్మా, ఉండనివ్వండి. డాక్టర్ల రాత ఎవడికి అర్థమవుతుంది!"