బియ్యం తట్ట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. అబద్ధమేమీ కాదు. ఆ కోపం ఏటా తప్పకుండా వచ్చే రోజు క్రిస్మస్.

పుంగనూరు దగ్గర మా ఊళ్లో మా వాళ్ల ఇళ్లు మిగతా ఊరికి విడిగా ఉంటాయి. పండగ పూట చర్చికి పోకముందే మా అమ్మ స్టీలు తట్ట ఒకటి తళతళా తోమి, నిండా బియ్యం పోసి, పైన టెంకాయ, రెండు అరటిపండ్లు, చక్కెర పొట్లం పెట్టేది. పెద్ద రైతుల ఇంటికి మా పండగ మర్యాద అది. వండినవి పంపేది కాదు. మా చేతి వంట వాళ్లు తినరు. ఆ తట్ట మోసేదాన్ని నేను. అరుగు మీద పెట్టి, ఖాళీ తట్ట తిరిగి వచ్చేదాకా కింద నిలబడాలి. ఇంటికొచ్చి గొంతు చించుకునేదాన్ని. మా అమ్మ మాత్రం, మన మర్యాద మనం చేసుకోవాల కదా అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

తర్వాత మదనపల్లెలో నర్సింగ్ చదివాను. ఉద్యోగానికి కువైట్ వచ్చాను. ఇక్కడ ఫ్లాట్‌లో నాతో ఇద్దరుంటారు, ఇద్దరూ మా ఆసుపత్రి వాళ్లే. ఒకామె మదనపల్లె టౌన్ మనిషి, ముస్లిం, ల్యాబ్‌లో పని. ఆమెను ఆపా అంటాను. రెండో ఆమె కుప్పం దగ్గర శాంతిపురం వైపు భూములున్న రైతు కుటుంబం నుంచి వచ్చిన సీనియర్ నర్సు. ఆమెను అక్కా అంటాను.

అక్క మా ఫ్లాట్‌కి వచ్చి అప్పటికి రెండు నెలలు. ఎవరి డ్యూటీ వాళ్లది, ఎవరి గిన్నె వాళ్లది. కోడికూర చేసుకుని తింటుంది కాబట్టి నీసు తినదన్న అనుమానం లేదు. నా చేతిది తింటుందా అన్నదే అనుమానం. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. వద్దంటే? ఆ మాట విన్నాక ఒకే వంటింట్లో ఆమె ముఖం, నా ముఖం ఎలా చూసుకోవాలి?

క్రిస్మస్‌కి ఇక్కడ సెలవుండదు. బతిమాలి డ్యూటీ మార్చుకున్నాను. ఆపా తెల్లవారకముందే లేచి నాతోపాటు కజ్జికాయలు ఒత్తింది. మటన్ తనే తెచ్చింది. మీ పండగకు నేను వండకపోతే నా రంజాన్‌కి నువ్వెట్ల వస్తావో సూస్తా అని బెదిరించింది కూడా. పలావు దింపాను. కూర దగ్గరపడింది. ఇల్లంతా వాసన.

అప్పుడు అక్క కోసం నేనేం చేశానో తెలుసా? కొత్త స్టీలు తట్ట తీసి దాంట్లో బియ్యం పోశాను. పైన టెంకాయ, అరటిపండ్లు, చక్కెర. అన్నేళ్లు గొంతు చించుకున్న నేనే! చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. ఆపా వింతగా చూసి, ఇంత వంట పెట్టుకుని బియ్యం యాల ఇస్తాండావు అని అడిగింది. నేను వినపడనట్టు నటించాను.

రెండున్నరకి అక్క డ్యూటీ నుంచి వచ్చింది. హ్యాపీ క్రిస్మస్ అక్కా అని రెండు చేతులా తట్ట అందించాను. ఆమె దాన్ని చూసింది. బియ్యం ఎందుకని అడగలేదు. మా వైపు మనిషి కదా, అడగాల్సిన పని లేదు. తట్ట తీసుకుని వంటింట్లోకి పోయింది. అంతే, తన అన్నం తను వండుకుంటుంది అనుకున్నాను. ఆమె మీద కాదు, నా చేతుల మీద నాకు అసహ్యం వేసింది. ఛీ అనుకుంటూ, వండిన గిన్నెలు ముందుంచుకుని ఆపా పక్కన చాప మీద కూర్చున్నాను.

లోపల బియ్యం డబ్బాలో పోస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు. అక్క తడి తట్ట పట్టుకుని వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, చాప మీద నా పక్కనే కూర్చుంది. తట్టను ముందు పెట్టుకుంది.

"మా యింటికి గూడా ఇట్లాంటి తట్టలు వస్తాండె," అంది. "మా అవ్వ పసుపునీళ్లు సల్లి లోపలికి తీసుకునేది. నేను పెద్దయినంక ఆ నీళ్లు నేనే సల్లినా."

ఆపా చేతిలో గరిటె ఆగిపోయింది.

"నువ్వు వండింది దీంట్లో పెట్టు పాపా," అంది అక్క.

పసుపునీళ్ల మాటకు నాకు భగ్గుమని మండాలి. మండలేదు. తప్పులు ఒప్పుకోమని చర్చిలో వందసార్లు విన్నాను. ఒక మనిషి తల దించుకోకుండా, ఏడవకుండా, తను చేసింది తన నోటితో నా ఎదురుగా చెప్పడం మాత్రం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అంత పెద్ద పని అంత మామూలుగా చేయొచ్చా?

వడ్డిస్తుంటే పులుసు చాప మీద ఒలికింది. ఆపా గుడ్డ తెచ్చి తుడిచి, నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. అక్క తింది. ఎముక చప్పరించింది. కాసేపటికి తట్ట ముందుకు జరిపి ఇంకో రెండు ముక్కలు వేయమంది. ఆమె నములుతుంటే చూస్తూ కూర్చున్నాను. నా అన్నం చల్లారిపోయింది.

సాయంత్రం మా అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ముందు నమ్మలేదు.

"యాడ కూసోని తినింది?"

"నా పక్కన్నే మా, సాప మీద."

"మల్లా అడిగి యేయించుకునిందా?"

"యేయించుకునింది."

అటువైపు మా అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఈ పొద్దు గూడా నేను బియ్యమే తీసకపోతిని కదమ్మా," అంది. "తట్ట తిరిగిచ్చేదాకా కిందనే నిలబడితిని."

ఆ తట్ట గురించి మా అమ్మ ఏడవగా వినడం నాకు అదే మొదటిసారి.