తలకి రాసిన మందు

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో నేను గుమస్తాగా ఉన్న రోజులవి. సెల్‌ఫోన్లు ఇంకా షావుకార్ల జేబుల్లోనే మోగేవి. బెల్లం దిమ్మ పగలగొట్టి లోపల రంగు చూసేవాణ్ని. తెల్లగా మెరవడానికి మందు కలిపిన సరుకైతే మొహమాటం లేకుండా తిప్పి పంపేవాణ్ని. ఆ విషయంలో నాకు పెద్ద పేరు.

నా నెత్తి మీద సరుకు మాత్రం తరిగిపోతోంది. పాతికేళ్లకే నడినెత్తి కనబడసాగింది. అప్పుడే ఎలమంచిలి వైపు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి ఫోటో చూశాక ఇంకెవరూ వద్దనిపించింది. మావాళ్లు వాళ్లకి పంపింది నా కాలేజీనాటి ఫోటో.

చర్మాల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన రెండు దారులు చెప్పాడు. రాసే లోషను రోజుకి రెండుసార్లు, నెలల తరబడి. ఆపితే వచ్చిందీ పోతుంది. మింగే మాత్ర ఇంకా గట్టిది, కాకపోతే కొద్దిమందికి మగతనం దగ్గర ఇబ్బంది రావచ్చు. పెళ్లి కోసం జుట్టు, జుట్టు కోసం ఆ మాత్రా! లోషనే చాలన్నాను. మొదటి వారాల్లో ఇంకాస్త రాలవచ్చని ఆయన అన్నది నా చెవికెక్కలేదు. పెళ్లిచూపులు సరిగ్గా ఆ వారాల్లోనే పడ్డాయి.

అమ్మాయి తండ్రిని చూడగానే గుర్తుపట్టాను. మందు కలిపాడని నెల కిందట నేను బండెడు దిమ్మలు తిప్పి పంపిన రైతు ఆయనే! ఆయన తన చేతిలోని నా ఫోటో చూశాడు, లోషను తడితో మెరుస్తున్న నా తల చూశాడు.

“మా బెల్లంలో మందేసేమని తిప్పీసేరు కదా బాబూ. మరి తమరి తలకేటి రాత్తన్నారు?”

చెప్పేవి శ్రీరంగనీతులు అన్నట్టయింది నా పని. “ఏదో సలవకి నూనె, మామా” అని మా బావ సర్దబోయాడు. నాకే సిగ్గేసింది.

“మందేనండి” అన్నాను.

గుమ్మం దగ్గర నుంచి అమ్మాయి అడిగింది. “అది మానీతే ఏటవుద్ది?”

“ఉన్నది కూడా పోతుందండి.”

“అయితే మానీండి.”

ఆమె నవ్వలేదు, జాలి కూడా పడలేదు. టీ నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తండ్రి నా ఫోటో జేబులో పెట్టుకుని, ముహూర్తాల మాట ఎత్తాడు.

పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టేవేళ ఆమె చేతికి నా నడినెత్తి వెతక్కుండానే దొరికింది. నా చేతిలోని బెల్లం వంక అలవాటుగా చూశాను. మామగారు వండించినదే. నల్లగా ఉంది, మందు లేదు. పీటల మీదే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.