కృప సిస్టర్ శనివారాలు

చేవెళ్లల ఒక ప్రైవేటు దవాఖానల నర్సుగా పనిచేసే కృపకు శనివారం సెలవు. ఆ రోజు స్కూటీ మీద మొయినాబాద్ దిక్కు ఒక సర్కారు హైస్కూలుకు పోయి పిల్లలకు బొమ్మలు నేర్పుతది. జీతమేం లేదు. హెడ్‌మాస్టర్ జనార్దన్ సార్ ఒక ఖాళీ గది ఇచ్చిండు, అంతే.

ఇంటర్ అయినంక కృప పట్నంల ఫైన్ ఆర్ట్స్ చదువుత అన్నది. తండ్రి మారయ్య కోప్పడలేదు. "పట్నంల ఒక్కదానివి ఎట్ల ఉంటవు బిడ్డా? నర్సింగ్ చెయ్యి. మా కండ్ల ముందట ఉంటవు," అన్నడు. అంత మెత్తగా అడిగేసరికి కాదనలేకపోయింది. బాపు తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో అని ఇప్పటికీ అనుకుంటది.

బడిల మొదటి శనివారమే పాత హవాయి చెప్పులు తెమ్మన్నది. పిల్లలు నవ్విన్రు. అడుగు రబ్బరు మీద బొమ్మ గీసి, చుట్టూ చెక్కి, నల్లరంగు పూసి కాగితం మీద ఒత్తితే అచ్చు పడతది. తొమ్మిదో తరగతి సమత తన నాయనమ్మ అంతమ్మ చెప్పు తెచ్చింది. బంతిపూలు తెంపుతున్న నాయనమ్మనే దాని మీద చెక్కింది. అచ్చు తీస్తే ఒక దగ్గర రంగు అంటలేదు. మడమ కింద రబ్బరు అరిగి గుంట పడ్డది.

"ఖరాబైంది మేడం," అన్నది సమత ఏడుపు మొఖంతో.

"జర దూరం నుంచి చూడు. ఆమె వీపు మీద ఎండ పడ్డట్టు లేదా?"

సమత చూసింది. గంట కొట్టినా లేవలేదు. ఆ పిల్లను చూస్తుంటే కృపకు సంతోషమైంది. లోపల ఎక్కడ్నో గుంజినట్టు కూడ అయింది.

కొన్నేండ్లకు సమత ఇంటర్ అయింది. ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాస్త అన్నది. "నాకు పట్నం తొవ్వ తెల్వది, నువ్వే తోల్కపో బిడ్డా," అన్నది అంతమ్మ. కృప దవాఖానల లీవు పెట్టింది.

పరీక్ష రోజు పట్నంల ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గేటు కాడ కృపను వాచ్‌మన్ ఆపిండు. "లోపలికి పిల్లలే మేడం." తతిమ్మా తల్లిదండ్రులు నీడకు పోయి కూసున్నరు. కృప మాత్రం ఎండలనే, గేటు ఊసలు పట్టుకొని నిలబడ్డది. లోపల ఇద్దరు పిల్లలు తడి ఆరని మట్టిబొమ్మను పలక మీద పెట్టుకొని, పసిపిల్లను మోసినట్టు మోసుకపోతున్నరు. వాళ్లు మలుపు తిరిగేదాక చూసింది.

సమత చేతుల నిండ బొగ్గు మసితో బయటికొచ్చింది. పరీక్ష ఎట్ల రాసినవని కృప అడగలేదు.

"లోపల ఎట్ల ఉన్నది?"

"పెద్ద గదులు మేడం."

"వెలుతురు బాగొస్తదా? కిటికీలు ఎటుదిక్కున్నయి?"

"నేనేడ చూసిన? బొమ్మ వేస్తున్న గద," అని నవ్వింది సమత. తర్వాత నవ్వు ఆపి, "మీరెందుకు చదవలే మేడం ఈడ?" అన్నది.

"చదవాలనే అనుకున్న," అన్నది కృప. బస్సు వచ్చింది, ఎక్కిన్రు.

సమతకు సీటొచ్చింది. ఇప్పుడు హాస్టల్ల ఉంటది. వేసిన బొమ్మలన్నీ ఫోన్ల పంపి, ఎట్లున్నయో చెప్పమంటది. కృప చెప్తది. కానీ ముందు ఫోటోను రెండు వేళ్లతో పెద్దగ చేసి, బొమ్మ వెనుకున్న గదిని చూస్తది.